జీతం సరే, అప్పటిదాకా అద్దె ఎవరు కడతారు? అమెరికా నగరాల పేద యువతకు ఏ దారి ఎవరికి నప్పుతుంది

రెండేళ్లుగా నెలకో శనివారం మాక్ ఇంటర్వ్యూలు చేయడానికి వెళ్తున్నాను. నగరం నడిబొడ్డున, సగం దుకాణాలు మూతపడిన పేటలో ఒక లైబ్రరీ అది. వచ్చేవాళ్లంతా పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్ల పిల్లలు. మొదట్లో నాకు తెలిసిన పాఠమే చెప్పేవాణ్ని: ఐటీలోకి రా, మొదటి జీతం ఇంత, మూడేళ్లకు ఇంత. ఒకరోజు పందొమ్మిదేళ్ల కుర్రాడు నా ఉపన్యాసమంతా ఓపిగ్గా విని, "కోర్సు అయ్యేదాకా అద్దెలో నా వాటా ఎవరు కడతారు?" అన్నాడు. వాళ్లమ్మ రాత్రి షిఫ్టు చేస్తుంది, చెల్లెలు ఇంకా స్కూల్లో ఉంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాతే ఇలాంటి పిల్లలకు పని నేర్పి ఉద్యోగంలోకి చేర్చే కార్యక్రమాలను పక్కపక్కన పెట్టి చూడటం మొదలుపెట్టాను. ఇక్కడున్న మనవాళ్లు చాలామంది "ఆఫీసులో డొనేషన్ మ్యాచింగ్ (మనం ఇచ్చే విరాళానికి కంపెనీ కూడా కలిపి ఇవ్వడం) ఉంది, దేనికిస్తే మంచిది?" అనో, "తెలిసినమ్మాయి ఒకరుంది, ఎక్కడ చేర్చమంటారు?" అనో అడుగుతుంటారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బ్రోచర్ మీద వేసిన జీతం అంకె చూడకండి. రెండే చూడండి. చేరినవాళ్లు ఎన్ని నెలలు జీతం లేకుండా గడపాలి? చివర్లో తీసుకోవడానికి ఒక యజమాని ముందే సిద్ధంగా ఉన్నాడా, ఉంటే శిక్షణ ఖర్చులో తన జేబులోంచి ఏమైనా పెడుతున్నాడా? సిలబస్, సర్టిఫికెట్, క్యాంపస్ ఫొటోలు అన్నీ వీటి తర్వాతే.

యజమాని సంగతి అంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఈ పిల్లలకు తక్కువైంది తెలివి కాదు, తెలిసినవాళ్లు. మనలో ఎంతమందికి మొదటి ఉద్యోగం రిఫరల్ లేకుండా వచ్చింది? బాబాయి కొడుకో, సీనియరో, రూమ్మేటో రెజ్యూమె ముందుకు తోశాడు. ఆర్థికవేత్త రాజ్ చెట్టీ బృందం 2022లో 'నేచర్' పత్రికలో అచ్చేసిన పరిశోధన ఫేస్‌బుక్‌లోని 2,100 కోట్ల స్నేహాలను లెక్కగట్టి ఇదే చెప్పింది: పేద పిల్లలకు బాగా ఉన్నవాళ్లతో స్నేహాలు ఎక్కువగా ఉన్న చోట వాళ్లు పెద్దయ్యాక సంపాదనా ఎక్కువే. దీనికి తోడు ఉద్యోగాలు ఊరిబయటి శివార్లకు తరలిపోయాయి, ఈ పేటల్లో కారున్న ఇళ్లు తక్కువ. జాన్ కెయిన్ అనే ఆర్థికవేత్త ఈ దూరం గురించి 1968లోనే రాశాడు. రెండు బస్సులు మారి వచ్చే పిల్లవాడు ఆలస్యమైతే "క్రమశిక్షణ లేదు" అనేయడం మనకు చాలా తేలిక.

ఏడాది శిక్షణ, అందులో సగం ఆఫీసులోనే

మొదట చెప్పాల్సింది ఇయర్ అప్ అనే సంస్థ గురించి. 2000లో జెరాల్డ్ చెర్టావియన్ బోస్టన్‌లో మొదలుపెట్టాడు. ఆరు నెలలు తరగతి, ఆరు నెలలు ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్. ఐటీ, ఫైనాన్స్ ఆపరేషన్స్, కస్టమర్ సర్వీస్ లాంటి పనులు. శిక్షణ ఉచితం, పైగా స్టైపెండ్ ఇస్తారు. హైస్కూల్ పట్టా గానీ దానికి సమానమైన జీఈడీ గానీ ఉండాలి.

దీని గురించి నమ్మకంగా మాట్లాడటానికి కారణం ఉంది. చేరాలనుకున్నవాళ్లలో లాటరీ తీసి, కొందరిని చేర్చుకుని కొందరిని వదిలి, రెండు గుంపుల సంపాదననూ ఏళ్ల తరబడి పోల్చారు. రెండో ఏడాదికల్లా చేరినవాళ్ల సంపాదన మూడు నెలలకు 1,895 డాలర్లు, అంటే 53 శాతం ఎక్కువగా తేలింది. ఐదేళ్లయినా ఆ తేడా చెరిగిపోలేదు. యువత కార్యక్రమాల్లో ఇంత పెద్ద తేడా అరుదు. చాలావాటిలో మొదటి ఏడాది కనిపించిన లాభం మూడో ఏటికి ఆవిరైపోతుంది.

మనిషికి ఖర్చు దాదాపు 28,000 డాలర్లు. ఈ అంకె విని చాలామంది డోనర్లు వెనక్కి తగ్గుతారు. కానీ అందులో 59 శాతం ఇంటర్న్‌లను తీసుకున్న కంపెనీలే కట్టాయి. నేను ఖర్చు కన్నా ఈ రెండో అంకెనే ఎక్కువ పట్టించుకుంటాను. డబ్బు కట్టిన మేనేజర్ ఆ ఇంటర్న్‌ను మూలన కూర్చోబెట్టడు, పని చెప్తాడు. పని చెప్తే పేరు గుర్తుంటుంది. మన బాబాయి కొడుకు చేసిన సాయాన్ని వీళ్లు కాంట్రాక్టు రాసుకుని చేయిస్తున్నారన్నమాట.

ఇది అందరికీ సరిపడదు. పాయింట్ల పద్ధతి ఉంటుంది: ఆలస్యంగా వచ్చినా, హోంవర్క్ ఇవ్వకపోయినా పాయింట్లు పోతాయి, స్టైపెండ్ తగ్గుతుంది. పాయింట్లన్నీ పోతే "మిమ్మల్ని మీరే తీసేసుకున్నారు" అంటారు. చంటిబిడ్డ ఉన్న తల్లికీ, పడుకోవడానికి స్థిరమైన చోటు లేని అబ్బాయికీ ఇది చాలా కష్టం. స్టైపెండ్‌తో ఇల్లు గడవదు, బస్సు ఛార్జీలకూ భోజనానికీ వస్తుందంతే. కాబట్టి ఇంట్లో ఇంకొక సంపాదన, ఎంత చిన్నదైనా, ఉన్నవాళ్లకు దీన్ని మొదట చెప్తాను.

పదిహేను వారాల కోర్సు

ఏడాది ఆగలేనివాళ్లకు పొట్టి కోర్సులున్నాయి. పెర్ స్కాలస్ 1995లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టింది. కంపెనీలు పారేసే పాత కంప్యూటర్లను బాగుచేసి పేదవాళ్లకు ఇవ్వడంతో మొదలై, ఆ బాగుచేసే పనినే నేర్పే సంస్థగా మారింది. ఫుల్‌టైమ్ క్లాసులు, ట్యూషన్ ఉచితం, కంపెనీలు గుర్తించే సర్టిఫికెట్లు. ఈ సంస్థనూ, మిల్వాకీలో నిర్మాణ పనులు నేర్పే ఒక సంస్థనూ, బోస్టన్‌లోని మరొకదాన్నీ కలిపి లాటరీ పద్ధతిలోనే పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. చేరినవాళ్లు రెండేళ్లలో 18 శాతం ఎక్కువ సంపాదించారు. నేర్పిన పనులు వేరు, ఊళ్లు వేరు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే: ముందు స్థానిక యజమానులను కలిసి మీకు ఎలాంటివాళ్లు కావాలని అడిగి, తర్వాతే పాఠం తయారుచేశారు.

చిక్కు ఏమిటంటే, ఆ వారాల్లో జీతం ఉండదు. పగలంతా క్లాసు, సాయంత్రం పిజ్జా డెలివరీ చేసే పిల్లలను చూశాను. పదో వారానికి కళ్లు లోపలికి పోతాయి. అయినా మూడున్నర నెలలు ఎలాగో ఓర్చుకోవచ్చు. ఏడాది అంటే మాత్రం చాలా ఇళ్లలో కుదరదు.

మరో సంగతి. ఇలాంటి మంచి సంస్థలు దరఖాస్తు పెట్టినవాళ్లలో చాలామందిని పరీక్షలోనో ఇంటర్వ్యూలోనో వెనక్కి పంపేస్తాయి. దాన్ని తప్పనను, చదవలేనివాణ్ని చేర్చుకుని మధ్యలో వదిలేయడం ఇంకా దారుణం. కానీ "మా దగ్గర ఇంత శాతానికి ఉద్యోగాలొచ్చాయి" అని ఎవరైనా గొప్పగా చెప్తే, ఎంతమంది దరఖాస్తు పెడితే ఎంతమందిని తీసుకున్నారో కూడా అడగండి.

వీటిని లాభాపేక్షతో నడిచే కోడింగ్ బూట్‌క్యాంపులతో కలపొద్దు. "ఇప్పుడు పైసా కట్టక్కర్లేదు, ఉద్యోగం వచ్చాక జీతంలో వాటా ఇవ్వండి" అనే ఒప్పందం వినడానికి బాగుంటుంది. అది అప్పే. వినియోగదారుల ఆర్థిక రక్షణ బ్యూరో 2021లో ఇలాంటి ఒక కేసులో ఆ మాటే తేల్చింది. సంతకం పెట్టే ముందు ఆ కాగితం మీకు చూపించమనండి. మనలో చాలామందికి అగ్రిమెంట్లు చదివే అలవాటు ఉంది, ఆ అలవాటు ఇక్కడ పనికొస్తుంది.

మొదటి రోజు నుంచే జీతం: అప్రెంటిస్

అద్దె ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే దారి ఇదొక్కటే. అయినా మన తెలుగువాళ్లు దీన్ని అసలు పట్టించుకోరు. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, లిఫ్ట్ మెకానిక్ అంటే మన చెవికి పెద్ద కెరీర్‌లా వినిపించదు. ఆ చెవిని కాస్త పక్కన పెట్టాలి.

రిజిస్టర్డ్ అప్రెంటిస్‌షిప్‌కు 1937 నుంచి సమాఖ్య చట్టం ఉంది. పనిచేస్తూ నేర్చుకునే గంటలు కనీసం 2,000 ఉండాలి, దానికి తోడు ఏడాదికి 144 గంటల క్లాసు సిఫార్సు చేస్తారు. యూనియన్ ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌షిప్ అయితే ఐదేళ్లు, 8,000 గంటలు. పనికెళ్లిన మొదటి రోజు నుంచే జీతం మొదలవుతుంది. పూర్తి ఎలక్ట్రీషియన్ జీతంలో సగం దగ్గర మొదలై, నేర్చుకునే కొద్దీ మెట్లు మెట్లుగా పెరుగుతుంది. చివరికి పట్టా చేతికొచ్చేసరికి చదువు అప్పు ఉండదు. 2009 నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయిన సమాఖ్య కనీస వేతనంతో పోల్చి చూడండి.

మరి అందరూ ఎందుకు చేరరు? ఒకటి, చరిత్ర. ఈ యూనియన్లలో సీటు చాలాకాలం తండ్రి నుంచి కొడుక్కు, మామ నుంచి మేనల్లుడికి పోయేది. నల్లజాతివాళ్లకు తలుపు మూసే ఉండేది. నిర్మాణ రంగంలో వాళ్లను తీసుకోవాలంటూ 1969లో సమాఖ్య ప్రభుత్వం ఫిలడెల్ఫియా ప్లాన్ తేవాల్సి వచ్చింది. ఇప్పుడు తలుపు తెరిచే ఉంది. అయితే దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో, ఏ ఆఫీసులో అడగాలో ఇంట్లో ఎవరైనా ఆ పనిలో ఉంటేనే తెలుస్తుంది. ఇక్కడా బాబాయి కొడుకే కావాలి. రెండు, ప్రవేశపరీక్ష. ఎలక్ట్రీషియన్ పరీక్షలో ఆల్జీబ్రా ఉంటుంది. స్కూల్లో ఆల్జీబ్రా టీచరే సరిగ్గా లేని పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. మూడు, డ్రైవింగ్ లైసెన్స్. పని ఇవాళ ఒకచోట, వచ్చే నెల ఇంకోచోట, తెల్లవారకముందే చేరాలి.

ఈ మూడు అడ్డంకులనూ దాటించడానికి ప్రీ-అప్రెంటిస్‌షిప్ కోర్సులున్నాయి. వాటిలో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. తేడా కనిపెట్టడానికి ఒకే ప్రశ్న చాలు: "మీ కోర్సు చేసినవాళ్లలో ఎంతమంది యూనియన్‌లో గానీ కాంట్రాక్టర్ దగ్గర గానీ అప్రెంటిస్‌గా చేరారు?" సూటిగా అంకె చెప్పకుండా "చాలామందికి అవకాశాలు వచ్చాయి" అంటే ఇంకోచోట అడగండి.

కాలేజీ దారి

రెండేళ్ల కోర్సులుండే స్థానిక కమ్యూనిటీ కాలేజీ అందరికీ తెలిసిన దారి, అందుకే అందరూ చెప్పేస్తారు. పేద విద్యార్థులకు సమాఖ్య ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ గరిష్ఠంగా ఏడాదికి 7,395 డాలర్లు వస్తుంది, చాలాచోట్ల ట్యూషన్ దానితోనే తీరిపోతుంది. చేరడం తేలికే, పూర్తిచేసేవాళ్లే తక్కువ. ఫీజు కాదు కారణం. పుస్తకం, బస్సు పాసు, షిఫ్టు మారినప్పుడు క్లాసు తప్పడం, ఏ కోర్సు తీసుకోవాలో చెప్పేవాళ్లు లేకపోవడం.

న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 2007లో ఏసాప్ అనే పథకం మొదలుపెట్టి వీటన్నిటినీ ఒకేసారి సరిచేసింది. రవాణా పాసు, పుస్తకాలు, మిగిలిన ట్యూషన్, మాటిమాటికీ కలిసే అడ్వైజర్. బదులుగా ఫుల్‌టైమ్ చదవాలి. లాటరీ పద్ధతిలో చూస్తే మూడేళ్లలో పట్టా పుచ్చుకున్నవాళ్లు 40 శాతం, మామూలుగా చదివినవాళ్లలో 22 శాతం. మీకు తెలిసిన అమ్మాయిని కమ్యూనిటీ కాలేజీకి పంపేటట్టయితే, కాలేజీ పేరుకన్నా అక్కడ ఇలాంటి పథకం ఉందా అని ముందు చూడండి. నర్సింగ్, రేడియాలజీ టెక్నీషియన్ లాంటి లైసెన్స్ ఉన్న పనులకు ఈ దారి తప్పదు. వాటికి రెండు మూడేళ్ల ఓపిక కావాలి. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ప్రాజెక్ట్ క్వెస్ట్ అనే సంస్థ 1992 నుంచి ఇలాంటి చదువులకే తోడు నిలబడుతోంది. దానిలో చేరినవాళ్లు మొదట్లో చదువుకుంటూ మిగతావాళ్లకన్నా తక్కువే సంపాదించారు, తొమ్మిదో ఏటికి ఏడాదికి 5,000 డాలర్లకు పైగా ముందున్నారు. కాకపోతే వాళ్లు ఎక్కువగా ముప్పై ఏళ్ల చుట్టుపక్కలవాళ్లు, పందొమ్మిదేళ్ల పిల్లలు కారు.

2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి ఎనిమిది వారాల నుంచి పదిహేను వారాల లోపు ఉండే పొట్టి కోర్సులకూ పెల్ గ్రాంట్ వాడుకోవచ్చు. మంచి మార్పే, కానీ ఈ డబ్బు కోసం పనికిరాని కోర్సులు పుట్టుకురావని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైన చెప్పిన ప్రశ్నలే ఇక్కడా అడగాలి.

బాగా చదివే పిల్లలైతే నాలుగేళ్ల డిగ్రీ దారే చూడాలి, జీతాల్లో అతి పెద్ద అంకెలు అక్కడే ఉంటాయి. న్యూయార్క్‌లో 1963లో పుట్టిన ఎస్ఈఓ, షికాగోలో 1970లో పుట్టిన ఇన్‌రోడ్స్ లాంటివి ఈ పిల్లలను డిగ్రీ చదువుతుండగానే పెద్ద కంపెనీల ఇంటర్న్‌షిప్‌ల్లోకి తీసుకెళ్తాయి. 1989లో మొదలైన పోసీ ఫౌండేషన్ ఒకే నగరం పిల్లలను గుంపుగా ఒకే కాలేజీకి పంపుతుంది, ఒంటరితనం తట్టుకోలేక మానేయకుండా. ఇవి అందరి కోసం కాదు, ఇప్పటికే ముందున్నవాళ్ల కోసం. మీ ఆఫీసు ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకో, కన్సల్టింగ్ కంపెనీయో అయితే మీ డబ్బుకన్నా మీ రిఫరల్ ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది.

ఇంట్లోనే ఉండలేని పిల్లలకు

పైవాటిలో ఏదైనా చేరాలంటే రాత్రి పడుకోవడానికి ఒక చోటుండాలి. అది కూడా లేనివాళ్లకు 1964లో మొదలైన జాబ్ కోర్ ఉంది. 16 నుంచి 24 ఏళ్లవాళ్లకు వసతి, భోజనం, వైద్యం, చేతిఖర్చు, చదువు, పని శిక్షణ. 1990లలో చేసిన పెద్ద అధ్యయనంలో మొదటి కొన్నేళ్లు సంపాదన పెరిగింది. ఆ తర్వాత 20 ఏళ్లు దాటాక చేరినవాళ్లకే లాభం నిలిచింది, చిన్నవాళ్లకు కరిగిపోయింది. పైగా కాంట్రాక్టర్లు నడిపే కేంద్రాలను ఆపేస్తామని కార్మిక శాఖ 2025 మే నెలాఖరులో ప్రకటించింది, విషయం కోర్టుకెక్కింది. కాబట్టి ఎవరినైనా పంపే ముందు ఆ కేంద్రం నడుస్తోందా, కొత్తవాళ్లను తీసుకుంటోందా అని ఫోన్ చేసి కనుక్కోండి.

ఇంకా హైస్కూల్లోనే ఉన్నవాళ్లకైతే కెరీర్ అకాడమీలు చూడండి. మొదటిది ఫిలడెల్ఫియాలోనే, అదీ 1969లోనే వచ్చింది. స్కూల్లోపలే చిన్న స్కూల్, ఒక రంగం చుట్టూ పాఠాలు, కంపెనీల్లో పని అనుభవం. హైస్కూల్ అయిన ఎనిమిదేళ్ల తర్వాత చూస్తే అందులో చదివినవాళ్ల సంపాదన సగటున 11 శాతం ఎక్కువ, అబ్బాయిల్లో 17 శాతం. వేసవి ఉద్యోగాల నుంచి మాత్రం కెరీర్ ఆశించొద్దు. 2012లో షికాగోలో చేసిన అధ్యయనంలో వేసవి పని దొరికిన పిల్లల్లో హింసాత్మక నేరాల అరెస్టులు 43 శాతం తగ్గాయి. అది చిన్న విషయం కాదు, దానికోసమే డబ్బివ్వొచ్చు. జీతాలు పెరుగుతాయని మాత్రం కాదు.

ఎంచుకునేటప్పుడు నేనేం చేస్తాను

ముందు ఇంటి లెక్క అడుగుతాను. నాలుగు నెలలు ఆగగలిగితే పొట్టి ఐటీ కోర్సు, ఏడాది ఆగగలిగితే ఇయర్ అప్ లాంటిది, ఒక్క నెల కూడా ఆగలేకపోతే అప్రెంటిస్‌షిప్. ఇంతవరకే అయితే తేలికే. ఇంకొక చిక్కుంది. ప్రభుత్వ ఇళ్లలోనో హౌసింగ్ వోచర్ (అద్దెకు ప్రభుత్వ సాయం) మీదో ఉండే కుటుంబం సాధారణంగా ఆదాయంలో 30 శాతం అద్దెగా కడుతుంది. కొడుకు జీతం పెరిగితే ఇంటి అద్దె కూడా పెరగొచ్చు, ఫుడ్ స్టాంపులు తగ్గొచ్చు. "జీతం వచ్చింది కదా, అమ్మ ఎందుకు సంతోషంగా లేదు?" అని మీరు ఆశ్చర్యపోతారు. చేరకముందే హౌసింగ్ ఆఫీసులో అడిగి, ఏయే ఆదాయం లెక్కలోకి వస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోమని చెప్పండి. మంచి కార్యక్రమాల్లో ఈ లెక్క చూసిపెట్టే కేస్ మేనేజర్ ఉంటారు. లేకపోతే దాన్ని నేను ఒక మైనస్ మార్కుగానే తీసుకుంటాను.

డబ్బు ఇచ్చేవాళ్లకు ఒక మాట. కంప్యూటర్లు కొనిచ్చి ఫొటో తీయించుకోవడం కన్నా, మధ్యలో వచ్చే చిన్న గండాల కోసం అత్యవసర నిధి ఉన్న సంస్థకు ఇవ్వండి. ఫోన్ బిల్లు, పిల్లను చూసుకునే మనిషి, కారు టైరు. చదువు మానేసినవాళ్లను అడిగితే నాకు ఎక్కువగా వినిపించిన కారణాలు ఇవే. రెండు వందల డాలర్ల దగ్గర ఏడాది శ్రమ పోతుంది.

ఇక ఆ కుర్రాడు. నేను ఇయర్ అప్ అన్నాను. అతను వినలేదు, ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్ పరీక్ష రాస్తానన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చోవడం తనకు పడదని ముందునుంచీ చెప్తూనే ఉన్నాడు, నేనే వినిపించుకోలేదు. మొదటిసారి ఆల్జీబ్రాలో పోయింది. అప్పటి నుంచి నా శనివారాల్లో మాక్ ఇంటర్వ్యూలు తగ్గాయి. పొద్దున గంటన్నర సమీకరణాలు, తర్వాత నా కారులో ఖాళీ పార్కింగ్ లాట్‌లో రివర్స్ ప్రాక్టీసు. లైసెన్స్ వచ్చేసింది. రెండోసారి పరీక్ష వచ్చే నెల.